వాల్వు తెరవకముందే

ఏర్పేడు రోడ్డు మీద ఇసుక లారీలు పోతున్నా
మా బల్ల వణకదు.
దాన్ని గాలి దిండ్ల మీద కూర్చోబెట్టాం.
చీకటి గది, నల్ల పరదా.
లోపల తల కదలకుండా బిగించిన పందొమ్మిదో నంబరు ఎలుక
జల్లెడంత చక్రం మీద నడుస్తోంది,
ఎక్కడికీ పోకుండా.

దాని పుర్రెలో, ముక్కు మొదలయ్యే చోటికి కాస్త వెనగ్గా,
కందిబద్దంత గాజు కిటికీ.
నేనే పెట్టాను.
పెట్టేటప్పుడు చేతులు వణకలేదు.
రాత్రి హాస్టల్లో సంగటి ముద్ద తుంచేటప్పుడు వణికాయి.

కిటికీలోంచి చూస్తే
రాత్రి కొండ మీంచి కనపడే ఊరులాంటిది ఒకటి.
వాసన వస్తే చాలు
కొన్ని ఇళ్ళల్లో పచ్చదీపాలు,
ఇంకో వాసనకు ఇంకొన్ని ఇళ్ళు.
ఊపిరి పీల్చినప్పుడల్లా ఒక పండగ,
వదిలినప్పుడల్లా కరెంటు కోత.

మా దగ్గర సీసాలు పదహారు.
అన్నీ పార్సిల్లో వచ్చినవే.
అరటిపండు లేని అరటి వాసన,
చెట్టెరగని లవంగం,
ఎవరి పంటికీ తగలని పుదీనా.
ఒకరోజు సరదాకి
రసీదు ఉన్న ఎర్రచందనం పొట్టు పెట్టి చూశాను.
ఊరంతా చీకటి.
పేరులోనే చందనం దానికి.
శేషాచలంలో ఆ చెక్క కోసం మనుషులు చచ్చిపోతారని
ఎలుక ముక్కుకు ఎవరు చెప్పాలి!

జూన్ రెండో వారంలో తప్పు మొదలైంది.
వాల్వు తెరవకముందే
తెర మీద కుడిపక్క కింది మూలన
నాలుగైదు దీపాలు.
రోజూ పదీ పదికి.
గొట్టాలు మార్చాను.
సబ్బునీళ్ళు పూసి బుడగల కోసం చూశాను.
కోదండపాణి సార్ కళ్ళద్దాలు తుడుచుకుంటూ
"నాయిస్, తీసెయ్" అన్నారు.

నాలుగో రోజు పరదా ఎత్తితే
వెనకాల మునిలక్ష్మి,
పంజరాల్లో వేసే పొట్టు బకెట్టు చంకన పెట్టుకుని
ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది.
రాత్రంతా గాజులమండ్యం గుజ్జు ఫ్యాక్టరీలో
బెంగుళూరా కాయలకు టెంకలు తీసి,
పొద్దున మా ఎలకలకు నీళ్ళు పెడుతుంది.
సొన తగిలి చేతులు చిట్లిపోయి ఉన్నాయి.

"మూడుసార్లు కడిగినా పాపా,
పోలేదు.
జీతం కోస్తారా?"

లేదక్కా, చెయ్యి కొంచెం ముందుకు పెట్టు.

పెట్టింది.
మామిడికి కొన్ని వెలిగాయి, బట్టల సబ్బుకు కొన్ని.
మిగతా వాటికి నా దగ్గర సీసా లేదు.
చక్రం ఆగింది.
మూడు వారాల్లో మొదటిసారి
పందొమ్మిదో నంబరు
నడవడం మాని, వింటున్నట్టు నిలబడింది.

"ఏంది పాపా అది, మిణుకు మిణుకుమంటా ఉండాది?"

నువ్వే అక్కా.

తెరకు దగ్గరగా వంగింది.
చాలాసేపు చూసింది.
"నేనింత పచ్చంగా ఉంటానా?" అంది,
ఎవర్నీ అడగకుండా.

ఆ ఫైలుకు 'నాయిస్' అనే పేరు పెట్టాను.
తీసెయ్యలేదు.

మామిడి అయిపోయింది. ఫ్యాక్టరీ మూసేశారు.
తెర మీద కుడిమూల మళ్ళీ మర్యాదగా నల్లబడింది.
మా లెక్కలు కుదిరాయి, బొమ్మలు వచ్చాయి.
పందొమ్మిదో నంబరుకు ఆఖరి రోజూ వచ్చింది.
పంజరం తెచ్చి బల్ల మీద పెట్టి
మునిలక్ష్మి వెంటనే వెళ్ళిపోయింది.
మూత మాత్రం తనే తీసిపెట్టి పోయింది.

ఇక దగ్గరికి పోవాల్సిన చెయ్యి నాది.
ఈ చెయ్యి వాసనకు
ఆ ఊళ్ళో ఏ ఇళ్ళు వెలుగుతాయో,
ఎన్ని తలుపులు మూసుకుంటాయో
చూడొచ్చు. పరికరం ఉంది, టైమూ ఉంది.

లేజరు ముందే ఆపేశాను.